పాల క్యాన్ల అరుగు

పెన్‌వెర్న్‌లో ఆఖరి ఇంటి గేటు దగ్గర ఇద్వాల్ కొలత చక్రాన్ని నేలకు ఆనించి బొటనవేలితో మీట నొక్కాడు. అంకెలన్నీ సున్నాకు వచ్చాయి. గడియారం చూసుకున్నాడు. ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. చక్రాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతిని ఒంటికి జానెడు దూరంగా పెట్టి నడక మొదలుపెట్టాడు.

ఆ కుడి చేతి సంగతి వేల్స్ కొండల్లో ఆ వైపు వాళ్ళందరికీ తెలుసు. బడిపిల్లలు నడిచే దారి క్షేమమా కాదా అని తేల్చడం ఇద్వాల్ ఉద్యోగం. పిల్ల పక్కన పెద్దవాళ్ళొకరు నడుస్తున్నట్టు అనుకునే దారిని చూడాలని నిబంధన. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన అలా అనుకునే నడుస్తున్నాడు. ఎవరిదో చిన్న చెయ్యి పట్టుకున్నట్టు వేళ్ళు కొంచెం ముడిచి ఉంచుతాడు. పక్కన నడిచే పిల్లకు అందేటట్టు అడుగు పొట్టిగా వేస్తాడు. ఎదురుగా బండి వస్తే, లేని పిల్లను పొదల వైపుకు జరిపి తను అడ్డంగా నిలబడతాడు. మొదట్లో జనం నవ్వారు. తర్వాత అలవాటుపడ్డారు. ఒకే పేరున్నవాళ్ళు ఊరికి పదిమంది ఉండే చోట మనిషిని పనిని బట్టి పిలవడం వాడుక. రొట్టెల జోన్స్, పోస్టు జోన్స్, పందుల జోన్స్. ఇద్వాల్ జోన్స్ చక్రం ఇద్వాల్ అయ్యాడు.

పొడగరి. భుజాలు ముందుకు వంగాయి. పసుపుపచ్చ జాకెట్టు మోచేతుల దగ్గర మెరుపు పోయి బూడిదరంగుకు తిరిగింది. ఎడమ అరచేతిలో చక్రం పిడి ఆనేచోట ఒక కాయ కాసింది. అది తప్ప ఆయన ఉద్యోగం ఆయన ఒంటిమీద ఏ గుర్తూ వదల్లేదు. పెళ్ళి చేసుకోలేదు. అక్క నెస్టా, తనూ ఒకే ఇంట్లో ఉన్నారు. నెస్టా మొన్న ఫిబ్రవరిలో పోయింది. శుక్రవారంతో ఆయన ఉద్యోగమూ అయిపోతుంది. ఇవాళ మంగళవారం. ఇదే ఆఖరి దారి.

పెన్‌వెర్న్ నుంచి నాంత్‌వెన్ బడికి రెండు మైళ్ళ లోపే. రెండు మైళ్ళ లోపు ఉన్న పిల్లలు నడిచి రావాలి. దారి ప్రమాదమని తేలితేనే కౌంటీ ఆఫీసు వ్యాను పంపుతుంది. పెన్‌వెర్న్ పిల్లలు నలుగురికి పదహారేళ్ళుగా వ్యాను నడుస్తోంది, క్వారీ లారీలు ఉన్నన్నాళ్ళూ అన్న షరతు మీద. నిరుడు క్వారీ మూతపడింది. అందుకే దారిని మళ్ళీ చూడమన్నారు. వ్యాను ఆగితే ఆ నలుగురి తల్లిదండ్రులు పిల్లల్ని తమ పనులకు దారిలో ఉన్న పట్నం బడిలో వేస్తారు. నాంత్‌వెన్ బడిలో ఉన్నది ఇరవై ఒక్కమంది. ఇరవై దాటి ఉన్నంత వరకే బడి.

రోడ్డుకు కాలిబాట లేదు. రెండు వైపులా మట్టికట్టలు, వాటి మీద ముళ్ళపొదల కంచెలు. ఇద్వాల్ కుడి అంచున, బండ్లకు ఎదురుగా నడిచాడు. పొలం గేటు ముందు ఖాళీ కనబడినచోట, గట్టు వెడల్పుగా ఉన్నచోట ఆగాడు. పెద్దవాళ్ళూ పిల్లా ఇద్దరూ రోడ్డు దిగి నిలబడగలరా అని తను నిలబడి చూసుకున్నాడు. చూసి కాగితం మీద రాశాడు. పక్కకు తప్పుకునే చోటు ఒకటి. రెండు. మూడు. చీకటి లెక్కలోకి రాదు. ఒంటరితనం లెక్కలోకి రాదు. కాలు పెట్టే చోటు మాత్రం లెక్కలోకి వస్తుంది.

వంతెన దగ్గర ట్రాక్టరు ఒకటి ఆగింది. గ్విన్‌డావ్. ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు.

"ఏరా, ఇంకా కొలుస్తూనే ఉన్నావా? దారేమన్నా పెరిగిందా?"

"నీ కంచె పెరిగింది. రోడ్డు మీదికి రెండడుగులొచ్చింది."

"కోయించనా ఇప్పుడు?"

"నేను వెళ్ళాక కోయించు. ఉన్నది ఉన్నట్టు చూడాలి."

"అదే మంచిది. నీ పక్కన పిల్ల జాగ్రత్త, నా టైరు కింద పడేను." గ్విన్‌డావ్ నవ్వుతూ ట్రాక్టరు కదిలించాడు. ఇద్వాల్ కుడి చేతిని పొదల వైపుకు జరిపి నిలబడ్డాడు. నవ్వలేదు. ట్రాక్టరు దాటాక నవ్వాడు.

వంతెన దాటాక రోడ్డు సన్నబడుతుంది. అక్కణ్ణుంచి గ్విన్‌డావ్ పొలం వంపు దాకా నూట నలభై మీటర్లు. రెండు వైపులా గట్లు నిటారుగా లేచి ఉంటాయి. ఇద్వాల్ నిదానంగా నడిచాడు. పదిమీటర్లకోసారి ఆగి కుడివైపు చూశాడు. ముళ్ళపొద. మళ్ళీ ముళ్ళపొద. ఎండిపోయిన నల్లరేగుపళ్ళు కొన్ని తీగలకే ఉన్నాయి. వంపు చేరాక చక్రం మీద అంకె చూసి రాసుకున్నాడు. తప్పుకునే చోటు లేదు.

ఆ మాట రాయడానికి ఆయనకు కొంతసేపు పట్టింది.

ఈ దారిన ఆయన ఆరేళ్ళు బడికి నడిచాడు. నెస్టా రోడ్డు వైపు, తను కంచె వైపు. నెస్టా చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉండేది. ఆ రోజుల్లో రైతులు పాలక్యాన్లు తెచ్చి రోడ్డు పక్క రాతి అరుగు మీద పెట్టేవాళ్ళు. పాలలారీ వచ్చి తీసుకుపోయేది. వంపుకు ముందు, కుడివైపు, ఆ అరుగు ఉండేది. మూడు నల్లరాతి పలకలు, అప్పటి ఆయన గుండెల ఎత్తు. క్వారీ లారీ చప్పుడు వినబడగానే నెస్టా ఆయన్ని చంకల కింద పట్టి దానిమీదికి ఎక్కించేది. తనూ ఎక్కి, క్యాన్లకు ఆనుకుని నిలబడి, "పది లెక్కపెట్టు" అనేది. ఆయన లెక్కపెట్టేవాడు. తొమ్మిదికో పదికో లారీ వెళ్ళిపోయేది. క్యాన్ల మూతలు కాసేపు టకటకలాడి ఊరుకునేవి. పాల వాసన, తడి ఉన్ని వాసన, నెస్టా జడ వాసన. ఆయనకు లెక్కపెట్టడం వచ్చింది ఆ అరుగు మీదే.

పంతొమ్మిదేళ్ళ కిందట ఈ దారిని మొదటిసారి చూసింది ఆయనే. నవంబరు, ఏటవాలు వాన. తలవంచుకుని నడిచాడు. సాయంత్రం ఆఫీసులో కూర్చుని తప్పుకునే చోట్లు పద్నాలుగు రాశాడు. అందులో తొమ్మిదోది పాలక్యాన్ల అరుగు. ఆ రోజు దాన్ని ఆయన చూడలేదు. చూడలేదన్న సంగతే తోచలేదు. వంపు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు దాన్ని గుర్తుపట్టాయి, చెయ్యి రాసేసింది. దారి క్షేమం అన్నాడు.

మూడేళ్ళు పిల్లలు నడిచారు. ఒక ఉదయం క్వారీ లారీ ఎలునెడ్ అనే ఆమె ఎడమ పాదం మీదుగా వెళ్ళింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆరేళ్ళ కూతురు సియన్ ఉంది. ఆ కబురు విన్న రోజు ఇద్వాల్ పాత కాగితం తీసి చదివాడు. మర్నాడు తెల్లవారుతూనే వచ్చి చూశాడు. అరుగు ఉండవలసినచోట మనిషెత్తు ముళ్ళపొద ఉంది. పాలట్యాంకర్లు పొలాల్లోకే రావడం మొదలయ్యాక అరుగులు పీకేసి ఉంటారు, పాతికేళ్ళ కిందటే.

ఇంటికి వెళ్ళి నెస్టాకు ఒక్కదానికే చెప్పాడు.

"ఉండేది కదరా. నేనే ఎక్కించేదాన్ని నిన్ను."

"ఉండేది అక్కా. ఇప్పుడు ఉందని రాశాను నేను."

నెస్టా లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఆ తర్వాత ఇద్వాల్ కొలిచిన దారుల్లో ప్రతి చోటునూ చేత్తో తాకి రాశాడు. సాయంత్రం బల్ల దగ్గర ఒక్క అక్షరం కలపలేదు. నడిచినచోటే కాగితం నింపి, రాత్రి ఆలోచించి మార్చకుండా, అక్కడికక్కడే పోస్టుడబ్బాలో వేసేవాడు. ఆఫీసులో అది చాదస్తమన్నారు.

బడి గేటు దగ్గర చక్రం రెండువేల ఆరువందల పద్నాలుగు మీటర్లు చూపించింది. ఎనిమిదీ ముప్పావు. వంపు దగ్గరా, వంతెన దగ్గరా బండ్లు లెక్కపెట్టిన అంకెలు సరిచూసుకుంటుంటే ఫోను మోగింది. ఆఫీసు నుంచి రోడ్రి. కుర్రవాడు, మంచివాడే.

"ఇద్వాల్ గారూ, అయిపోయిందా? లారీలే లేవు కదండీ ఇప్పుడు. మీరు ఊఁ అంటే క్రిస్మస్ నుంచి వ్యాను ఆపేస్తాం."

"సాయంత్రం కూడా నడవాలి."

"మీరు చిన్నప్పుడు ఆ దారినే బడికెళ్ళారటగా. మీకు తెలియనిదేముంది?"

"అందుకే నడిచి చూడాలి" అని ఇద్వాల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పగలంతా బడి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. జున్ను పెట్టిన రొట్టె తిన్నాడు. లోపల పిల్లలు ఎక్కం చదువుతున్నారు. నెస్టా ఈ బడి వంటగదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. వంటగది కిటికీకి ఇప్పుడు కొత్త తెర వేశారు. ఫ్లాస్కు తీసి టీ పోసుకున్నాడు. అది నెస్టా ఫ్లాస్కు. గళ్ళ డిజైను, మూతకింద ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు కప్పులు. ఒక కప్పే వాడి, రెండోది దాని లోపలే ఉంచాడు.

మూడుంబావుకు ఎనిమిది సీట్ల వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. నడిపేది ఎలునెడ్. పాదం బాగయ్యాక ఆ పని ఆమే అడిగి తీసుకుంది. పక్క తలుపు తెరిచి, ఎత్తు మడమ కుట్టించిన ఎడమ బూటు బయటికి చాపుకుని ఆపిలు పండు తింటోంది.

"ఏం చక్రం గారూ, నా ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా?"

"సాయంత్రం నడక ఇంకా ఉంది."

"ఉదయం ఉన్న రోడ్డే కదండీ సాయంత్రమూ ఉండేది."

"ఉండాలనేం లేదు."

"మీరు మారరు" అని ఆమె పండు కొరికింది.

ఇద్వాల్ చక్రాన్ని గోడకు ఆనించాడు. జాకెట్టు గుండీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "ఎలునెడ్, నీకొక మాట చెప్పాలి. పంతొమ్మిదేళ్ళయింది."

"అంత పాతదైతే ఇంకో నిమిషం ఆగుతుంది, ఈ పండు కానివ్వండి." ఆయన మొహం చూసి ఆమె పండు కిందికి దించింది. "సరే, చెప్పండి."

"ఈ దారి మంచిదేనని మొదట రాసింది నేను. అందులో వంపుకు ముందు ఒక చోటు..."

"తొమ్మిదో నంబరు" అంది ఎలునెడ్.

ఇద్వాల్ తలెత్తి ఆమెను చూశాడు.

"తొమ్మిది. పాలక్యాన్ల అరుగు, కుడివైపు. నాకు తెలుసండీ. అప్పుడు అడిగినవాళ్ళకు కాపీ ఇచ్చేవాళ్ళు. ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నాను. సియన్‌కు చదివి చెప్పేదాన్ని, ఇక్కడ ఆగొచ్చు, ఇక్కడ ఆగొచ్చు అని. అరుగు మాకెప్పుడూ దొరకలేదు. మాకే తెలియడంలేదేమో అనుకునేవాళ్ళం." ఆమె కాసేపు పండు వైపు చూసింది. "ఆ రోజు లారీ వచ్చినప్పుడు దానికోసమే చూశాను. ఎంతసేపో కాదు, అటొకసారి, ఇటొకసారి. తర్వాత పిల్లనెత్తి ముళ్ళలోకి విసిరేశాను. కాలు వెనక్కి తీసుకునేంత టైము మిగల్లేదు."

"ఇన్నేళ్ళూ నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఏం చెప్పేవాళ్ళు?"

ఆయన కిందికి, ఆమె ఎడమ బూటు వైపు చూశాడు.

"మీ అక్క ప్రతి క్రిస్మస్‌కూ నాకు కేకు పంపేది" అంది ఎలునెడ్. "తెలీదా మీకు? ఎండుద్రాక్ష వేసి బడిలో పిల్లలకు చేసేదే. పదిహేనేళ్ళు. చీటీ ఉండేది కాదు, పేరుండేది కాదు. ఎందుకు పంపుతోందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. ఇంక మాటలెందుకు? పోయిన క్రిస్మస్‌కు వచ్చిందే ఆఖరిది. సగం ఇంకా ఉంది డబ్బాలో. కొయ్యబుద్ధి కాలేదు."

ఇద్వాల్ గోడవైపు తిరిగి చక్రం పిడి సరిచేశాడు. అది సరిగానే ఉంది.

ఎలునెడ్ మామూలు గొంతుతో అంది. "మా సియన్ ఇప్పటికీ నన్ను తిడుతుంది, కాలి గురించి కాదు. దాని మోకాలి గురించి. మెత్తగా పొదలో పడేశాననుకున్నానా, అడుగున రాయి. ఆరు కుట్లు. పొట్టిగౌను వేసుకున్నప్పుడల్లా నా పేరు తలుచుకుంటుంది."

"ఏ రాయి?"

"నాకేం తెలుసు? ముళ్ళలో రాయి."

బడి గంట కొట్టారు. పిల్లలు కోట్లు ఈడ్చుకుంటూ ఒక్కొక్కరే రాసాగారు; వ్యాను పిల్లలు నలుగురూ పోగయ్యేలోపే ఇద్వాల్ బయల్దేరాడు.

ఇద్వాల్ తిరుగునడక నిబంధన ప్రకారమే నడిచాడు. తొందరపడలేదు. వంపు దాటి సన్నటి రోడ్డులోకి వచ్చాక వెనకనుంచి వ్యాను వచ్చింది, ఎదురుగా కొరియరు బండి వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తప్పించుకుంటుంటే ఆయన లేని పిల్లను గట్టుకు అదిమి తనూ వీపు ఆనించాడు. కొరియరు బండి అద్దం ఆయన జాకెట్టు చేతిని రాసుకుంటూ పోయింది. ముళ్ళు మెడలో గుచ్చుకున్నాయి. పిల్లలు వ్యాను వెనక అద్దంలోంచి చెయ్యి ఊపారు. ఆయన సమయం రాసుకున్నాడు. మూడూ నలభై ఏడు. తప్పుకునే చోటు లేదు.

పెన్‌వెర్న్ చేరి, చక్రాన్ని కారులో పడుకోబెట్టాడు. ఆ రోజు జీతపు పని అక్కడితో అయిపోయింది. కారు వెనకనుంచి, రోడ్డు బోర్డుల మీద పాకిన తీగలు కోసే కొడవలి, తోలు గ్లవుజులు, ఫ్లాస్కు తీసుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. ఈసారి కుడి చేతిలో కొడవలి ఉంది.

వంపుకు ముందు పొదను కొయ్యడం మొదలుపెట్టాడు. పైతీగలు సులువుగా తెగాయి. లోపలివి బొటనవేలంత లావు. తెగినవాటిని గట్టు మీదికి విసిరాడు. మోకాళ్ళ మీద కూర్చుని మట్టి లాగాడు. ఊపిరి ఆడక రెండుసార్లు ఆగాడు. మూడోసారి కొడవలి కొన రాతికి తగిలి కంగుమంది.

పలకలు మూడూ ఉన్నాయి. ఒక మూల కొద్దిగా దిగబడింది. మొదళ్ళకు మట్టి పేరుకుని, గుండెల ఎత్తు ఉండేది ఇప్పుడు మోకాలి ఎత్తుంది. నాచును గ్లవుజుతో తుడిస్తే, క్యాన్ల అడుగులు అరగదీసిన గుండ్రటి గుర్తులు కనిపించాయి. ఎవరూ పీకలేదు. ఆయన రాసింది అబద్ధం కాదు. వానలో, తలవంచుకుని, ఆయన దాని పక్కనుంచే నడిచాడు. ఎలునెడ్ దానికి రెండడుగుల దూరంలో నిలబడి దానికోసం చూసింది.

అరుగు మీద కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. దీన్ని రాస్తే నూట నలభై మీటర్లు రెండు ముక్కలవుతుంది. నిబంధనల పట్టిక ప్రకారం దారి క్షేమమే అనవచ్చు. పాత కాగితంలో ఆయన రాసిన మాట కూడా నిజమని నిలబడుతుంది. వ్యాను ఆగుతుంది.

ఎంతసేపు కూర్చున్నాడో ఆయన చూసుకోలేదు. తర్వాత స్పష్టంగా, అక్షరాలు విడివిడిగా రాశాడు. "వంతెనకూ వంపుకూ మధ్య పాత పాలక్యాన్ల అరుగు ఒకటి ఉంది. ఈ ఉదయం నడకలోనూ, ఈ సాయంత్రం నడకలోనూ అది కనబడలేదు. పిల్లతో నడిచే కొత్తవారికి దొరకని చోటును చోటుగా లెక్కవేయలేదు. బడి వేళల్లో నేను చూసిన ప్రకారం ఈ దారి క్షేమం కాదు." సంతకం చేసి, తేదీ వేసి, కవరు అంటించాడు.

అప్పుడు ఫ్లాస్కు మూత తీసి, రెండు కప్పులూ విడదీసి, పక్కపక్కన పెట్టి రెండింటిలోనూ టీ పోశాడు. తనది తాగాడు. రెండోది చల్లారాక అదీ తాగాడు. వంపు అవతల పాలట్యాంకరు చప్పుడు వినిపించింది. కాళ్ళు పైకి ముడుచుకుని, కంచెకు ఆనుకుని లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర అది వెళ్ళిపోయింది.

వెలుతురు తగ్గకముందే లేచాడు. కవరును వంతెన దగ్గరి ఎర్ర డబ్బాలో వేసి, లోపల పడిన చప్పుడు విని, కారు దగ్గరికి నడిచాడు. ఇంటికి వచ్చి వంటింటి కుర్చీలో కూర్చుని ఒక బూటు తాడు విప్పాడు. రెండోది విప్పలేదు. గుండె ఆగిందన్నారు. ఎక్కువ బాధపడి ఉండరని డాక్టరు చెప్పాడు. డాక్టర్లు అలాగే చెపుతారు.

కవరు గురువారం ఆఫీసుకు చేరింది. రోడ్రి దాన్ని రెండుసార్లు చదివి ముద్ర వేశాడు. పెన్‌వెర్న్ వ్యాను ఆగలేదు.

బుధవారం ఉదయం మాత్రం ఇవేవీ ఎవరికీ తెలియవు. నలుగురు పిల్లలతో వస్తున్న ఎలునెడ్ వంపుకు ముందు వేగం తగ్గించింది. పొద నరికి ఉంది. మధ్యలో, కడిగినట్టు, మూడు రాతి పలకలు. వ్యాను ఆపి, దిగి, కుంటుకుంటూ దగ్గరికి వెళ్ళింది. ఎడమ బూటు ఒకసారి దానిమీద మోపి చూసింది.

"ఎవరిదది?" అని వ్యానులోంచి పిల్లలు అడిగారు.

"చక్రం గారిది. మరిచిపోయారు. తీయకండి, దానికోసం వస్తారు" అంది.

గళ్ళ ఫ్లాస్కు అరుగు చివర నిలబడి ఉంది. దాని ముందు రెండు కప్పులు, ఒకదాని పక్కన ఒకటి. రాత్రి కురిసిన వాన రెండింటిలోనూ సమంగా నిలిచి ఉంది.